పందొమ్మిది విస్తళ్ల ఉప్మా: మా కొండలెక్కే సైకిలు బృందాల పెద్దలకు

మిత్రులారా,

చలికాలం రాగానే విశాఖ, విజయనగరం, హైదరాబాదుల నుంచి సైకిళ్ల మీద ఒడిశాలోని మా కొరాపుట్, రాయగడ కొండల్లోకి వచ్చే బృందాల పెద్దలకు ఈ ఉత్తరం. ఏ పూట ఎక్కడ బయల్దేరాలో, ఏ రాత్రి ఎక్కడ పడుకోవాలో కాగితం మీద రాసేది మీరే కనుక మీకే రాస్తున్నాను. మీ వెనక తొక్కే కుర్రాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. పాపం, వాళ్లు మీ కాగితాన్ని నమ్మి వచ్చారు.

నాది జయపురం. మా తాతగారు ఇక్కడి సంస్థానంలో గుమాస్తాగా చేరారు. అప్పటి నుంచి మేం ఇక్కడి వాళ్లమే. బడిలో ఒడియాలో, ఇంట్లో తెలుగులో, సంతలో దేసియాలో మాట్లాడుకుంటూ ముప్ఫై మూడేళ్లు పిల్లలకు సైన్సు చెప్పి విశ్రాంతి తీసుకున్నాను. మోకాళ్లు బిగుసుకుపోతాయని మా అమ్మాయి ఏడు గేర్ల సైకిలు కొనిచ్చింది. గత డిసెంబరులో, నా దగ్గర చదువుకుని ఇప్పుడు విశాఖలో ఉద్యోగం చేస్తున్న కుర్రాడు ఫోను చేసి, "మాస్టారూ, మీకు దారి తెలుసు, మాతో రండి" అన్నాడు. అడిగినందుకు సంతోషించి వెళ్లాను. వాళ్లు పద్దెనిమిది మంది, నేను పందొమ్మిదో వాడిని. ఆ బృందం పేరు రాయను. ఆ తరువాత ఇంకో రెండు బృందాలు ఇలాగే రావడం, ఇలాగే వెళ్లడం చూశాను కనుక పేరుతో పని లేదు.

వాళ్ల కాగితం ఇలా ఉంది. మొదటి రోజు విజయనగరం నుంచి సాలూరు, సుంకి, పొట్టంగి, సిమిలిగుడ మీదుగా కొరాపుట్. రెండో రోజు కొరాపుట్ నుంచి లక్ష్మీపూర్ మీదుగా రాయగడ. మూడో రోజు రాయగడ నుంచి పార్వతీపురం మీదుగా తిరిగి విజయనగరం. మొదటి రోజు సుమారు నూట నలభై కిలోమీటర్లు. గంటకు పదిహేను చొప్పున లెక్క వేస్తే తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరిన వాళ్లు మధ్యాహ్నం రెండున్నరకు కొరాపుట్‌లో ఉండాలి. భోజనానికి అరగంట కలిపి మూడు అని రాసుకున్నారు.

ఈ పదిహేను అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. బ్రెవే అని మీరు తొక్కే దూరపు పరీక్షల్లో రెండు వందల కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, మూడు వందలకు ఇరవై గంటలు గడువు. రెంటినీ భాగిస్తే గంటకు సుమారు పదిహేను వస్తుంది. కొండ ఉన్నా అదే గడువు, మైదానమైనా అదే గడువు. అది పరీక్ష. రాసేవాడు తెలిసే రాస్తాడు, అందుకోలేకపోతే మధ్యలో ఆగిపోతాడు, ఎవరూ ఏమీ అనరు. ఆ కొలతను తెచ్చి, మొదటిసారి కొండ చూస్తున్న పద్దెనిమిది మంది విహారయాత్రకు తగిలించడం దేనికి? వాళ్లలో నలుగురు అంతకుముందు బీచ్ రోడ్డు దాటి తొక్కని వాళ్లు.

సైన్సు మాస్టారిని కనుక లెక్క చెప్పకుండా ఉండలేను, క్షమించండి. సాలూరు సముద్రమట్టానికి సుమారు నూట ఇరవై మీటర్ల ఎత్తున ఉంది. కొరాపుట్ ఎనిమిది వందల డెబ్బై దరిదాపుల్లో ఉంది. మధ్యలో ఎక్కి దిగేవన్నీ వదిలేసి, తేడా మాత్రమే తీసుకున్నా ఏడు వందల యాభై మీటర్లు. మనిషి, సైకిలు, నీళ్ల సీసాలు కలిపి ఎనభై రెండు కిలోలు అనుకుందాం. ఆ బరువును అంత ఎత్తుకు చేర్చడానికి ఆరు లక్షల జౌళ్ల పని కావాలి. అలవాటున్న మామూలు మనిషి కాళ్లు గంటల తరబడి ఇవ్వగలిగేది నూట ఇరవై వాట్లు అనుకున్నా, అందులో ఒక్క చుక్క గాలికి, రోడ్డుకు పోలేదని అనుకున్నా, ఎత్తుకే గంటన్నర దగ్గర పడుతుంది. గాలీ రోడ్డూ ఎండా లారీలూ తమ వాటా తీసుకున్నాక గంటకు నాలుగు వందల మీటర్లు ఎక్కితే గొప్ప. కాలినడకన కొండలు తిరిగేవాళ్లు దీన్ని ఎప్పుడో గ్రహించారు. 1892లో నెయిస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన సూత్రం చెప్పాడు: ప్రతి మూడు మైళ్లకు ఒక గంట, ఆ పైన ప్రతి రెండు వేల అడుగుల ఎత్తుకు ఇంకో గంట. ఎత్తుకు విడిగా గంటలు కట్టాలన్న ఆ చిన్న సంగతి నూట ముప్ఫై ఏళ్ల తరువాత కూడా మీ కాగితంలోకి రాలేదు.

నా మాట ఇంతే. మా దారిలో రోజును కిలోమీటర్లతో కొలవకండి. ఎత్తుతో, పగటి వెలుతురుతో కొలవండి. మిగతా ఉత్తరమంతా అలా కొలవకపోతే ఏమైందో చెప్పడానికి.

నేను ముందురోజే సైకిలు బస్సు మీద వేయించి సాలూరు వెళ్లి కూర్చున్నాను. అయిదింటికి బయల్దేరాల్సిన మీవాళ్లు బ్యానరు పట్టుకుని ఫొటో దిగి, ఎవరో పెద్దమనిషి జెండా ఊపేదాకా ఆగి ఆరూ నలభైకి కదిలారు. సాలూరు వచ్చేసరికి పదిన్నర దాటింది. సాలూరు లారీల ఊరని మీకు తెలిసే ఉంటుంది. రాయపూర్ వైపు సరుకు వెళ్లే దారి ఇదే. పాత లెక్కలో నలభై మూడో నెంబరు, ఇప్పుడు ఇరవై ఆరో నెంబరు జాతీయ రహదారి. పొద్దున్నే ఎక్కితే ఘాట్‌లో చెట్ల నీడ, చల్లదనం, నాలుగైదు బండ్లు. పదకొండింటికి ఎక్కితే నెత్తి మీద ఎండ, ముందు లారీ, వెనక లారీ, మెలిక దగ్గర రెండూ ఒకేసారి. లోడు లారీ మలుపులో వెడల్పుగా తిరుగుతుంది, సైకిలు వాడికి మిగిలేది మట్టి అంచు. ఆ డ్రైవర్లు మంచివాళ్లే. వాళ్లలో సగం మంది హారను కొట్టకుండా వెనకే నెమ్మదిగా వచ్చారు. కానీ ఏటవాలులో లోడుతో అలా నెమ్మదిగా రావడం వాళ్లకు ఎంత కష్టమో, ఇంజను మూలుగు వింటే తెలుస్తుంది.

నన్ను చివర ఉండమన్నారు. స్వీప్ అంటారట మీరు. మంచి పనే. నాతోపాటు వెనకబడిన వాళ్లు నలుగురు. బ్యాంకులో పనిచేసే ఒకమ్మాయి, యాభై దాటిన ఇద్దరు అన్నదమ్ములు, ఇంజనీరింగు చదువుతున్న పిల్లవాడు. మేము దిగి తోసుకుంటూ నడిచాం. నాకు సిగ్గేమీ లేదు. ఆ అమ్మాయి మాత్రం ప్రతి పది నిమిషాలకూ "సారీ సార్" అంటూనే ఉంది. ఎవరికి చెప్పాలమ్మా సారీ అని అడిగాను. ముందు వెళ్లినవాళ్లు ఫోనులో మెసేజీలు పెడుతున్నారట, ఎక్కడున్నారు, ఎంతసేపు, అని. ఆ అమ్మాయి సాలూరు నుంచి సుంకి దాకా కొండను చూడనేలేదు, ఫోనునే చూసింది.

ఇక ఉప్మా సంగతి.

పొట్టంగి దాటాక, కుందులి రాకముందు, రోడ్డు పక్కన ఒక చిన్న హోటలు ఉంది. నడిపేది తెలుగావిడ, పెళ్లయి ఇటు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. పేరు ఆవిడకు ఇష్టం ఉండదు కనుక అక్క అంటాను. నేను రెండు రోజుల ముందు వెళ్లి, పందొమ్మిది మందికి ఒంటిగంటకు ఉప్మా, పల్లీ చట్నీ, అల్లం టీ కావాలని చెప్పి వచ్చాను. బయానా ఇస్తే తీసుకోలేదు. "మాస్టారు, మనవాళ్లు వస్తున్నారంటే డబ్బు ముందేంటి" అంది. ఆ మాట ఆవిడదే, అలాగే రాశాను. అడ్డాకు విస్తళ్లు కుట్టించి పెట్టింది. పక్కింటి పిల్లను నీళ్లు మోయడానికి పిలిచింది.

బృందం ముందు భాగం అక్కడికి వచ్చేసరికి మూడు దాటింది. ముందున్న నాయకుడు గడియారం చూసుకుని, ఇక్కడ ఆగితే కొరాపుట్ చేరేసరికి చీకటి పడుతుంది, ఆగొద్దు, వ్యానులో అరటిపళ్లున్నాయి, తొక్కుతూ తినండి అన్నాడట. అందరూ చెయ్యి ఊపి వెళ్లిపోయారు. నేను, నాతో ఉన్న నలుగురు నాలుగింటికి చేరాం. అక్క గుమ్మంలో నిలబడి ఉంది. బల్ల మీద పందొమ్మిది విస్తళ్లు పరిచి, గాలికి ఎగిరిపోకుండా ఒక్కొక్క దాని మీద ఒక్కొక్క గ్లాసు బోర్లించి పెట్టింది. ఉప్మా గడ్డకట్టింది. ఆవిడ నన్ను ఏమీ అనలేదు. "చెయ్యి ఊపారండీ" అంది, అంతే.

మేము అయిదుగురం రెండేసి విస్తళ్లు తిన్నాం. ఆకలి మీద తిన్నామో, మొహమాటం మీద తిన్నామో నాకు ఇప్పటికీ తెలియదు. మిగిలింది ఆవిడ చుట్టుపక్కల పిల్లలకు పెట్టింది. పందొమ్మిదికీ డబ్బు ఇవ్వబోతే అయిదు విస్తళ్లకే తీసుకుంది. నేను ఆ దారిలో నెలకు రెండుసార్లయినా వెళ్తాను. ఆ హోటలు ముందు సైకిలు ఆపాలంటే ఇప్పటికీ ఒక క్షణం ఆలోచిస్తాను.

అప్పటికి ఎండ వాలింది. డిసెంబరు నడుమ మా దగ్గర అయిదున్నర లోపే పొద్దు కుంకుతుంది. కొండ అడ్డం ఉన్నచోట ఇంకా ముందే. కుడి పక్క ఎక్కడో దేవమాలి ఉంది, ఒడిశా మొత్తానికీ ఎత్తయిన శిఖరం, 1,672 మీటర్లు. దాన్ని చూపిద్దామని నేను పొద్దుటి నుంచి అనుకుంటున్నాను. ఎవరికీ తల తిప్పే తీరిక లేదు.

సిమిలిగుడ దాటాక చీకట్లో జరిగింది ఇది. మా రైతులు ఆ రోజుల్లో చోడి (రాగి), వరి నూర్పిళ్లు రోడ్డు మీదే చేస్తారు. కళ్లం చదును చేసుకోవడానికి మనుషులు లేరు, బండ్లు తొక్కితే గింజ రాలుతుంది. మంచి పద్ధతి అనను. కానీ ఇది అందరికీ తెలిసిన పద్ధతి. పగలయితే దూరం నుంచే కనిపిస్తుంది, పక్కకు తప్పుకోవచ్చు. చీకట్లో, దిగుడులో, గంటకు ముప్ఫై మీద వస్తున్నవాడికి ఆ చోడి గడ్డి కనిపించదు. చక్రం కింద గడ్డి చుట్టుకుని ముందు తొక్కుతున్న ఒక కుర్రాడు పడ్డాడు. గడ్డం కింద చీరుకుపోయింది, మణికట్టు వాచింది. మిగతావాళ్లు ఆ రైతు మీద విరుచుకుపడ్డారు. రోడ్డు మీ తాత సొత్తా అని ఒకాయన తెలుగులో అరిచాడు. రైతుకు తెలుగు రాకపోయినా ఆ మాట ఏమిటో అర్థమైంది.

వ్యానును పిలుద్దామంటే అది గదుల కోసం కొరాపుట్ వెళ్లిపోయింది, ఫోను అందలేదు. చివరికి ఆ రైతే ఊళ్లోకి పరుగెత్తి వాళ్ల బావమరిది ఆటో తెచ్చాడు. కుర్రాడిని ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆ ఆటోనే. నాలుగు కుట్లు పడ్డాయి. ఆటో డబ్బు ఎవరిచ్చారో నాకు తెలుసు, ఇచ్చినవాడు రాయొద్దన్నాడు.

వ్యాను ఎప్పుడూ అందరికంటే వెనక ఉండాలి. ముందు వెళ్లే బండి గదులు చూడగలదు గానీ మనిషిని చూడలేదు. ఇంతకంటే వివరించాల్సింది ఏమీ లేదు.

దిగుడు గురించి మాత్రం ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే మీరంతా ఎక్కడానికే భయపడతారు. ఇందాక ఆరు లక్షల జౌళ్లు అన్నానే, కొండ దిగేటప్పుడు అంతా తిరిగి బయటికి రావాలి. కొంత గాలి లాక్కుంటుంది. మిగిలింది బ్రేకులో వేడిగా పోవాలి. ఆరు లక్షల జౌళ్లంటే గది వేడిమి మీద ఉన్న దాదాపు రెండు లీటర్ల నీళ్లను మరిగించే వేడి. దాన్ని మీరు బొటనవేలంత రబ్బరు ముక్కల మీద, పల్చని రిమ్ము మీద పెడుతున్నారు. బ్రేకు అలాగే నొక్కి పట్టుకుని దిగితే రిమ్ము వేడెక్కుతుంది, ట్యూబు పేలినా పేలవచ్చు. నొక్కి వదిలి, నొక్కి వదిలి, మలుపుకు ముందే వేగం తగ్గించి దిగాలి. మా ఊళ్ల పిల్లలు పాత నల్ల సైకిళ్ల మీద చెప్పు నేలకు రాసి దిగుతారు, అది మీకు నేర్పను. కానీ బయల్దేరే ముందు బ్రేకు షూలు మార్చుకొచ్చారా అని ఒక్కరినీ ఎవరూ అడగలేదు. హెల్మెట్ల రంగు కలిసిందా లేదా అని మాత్రం రెండుసార్లు చూశారు.

మధ్యలో ఒక నవ్వు సంగతి. బ్యాంకు అమ్మాయి బావగారు కారులో వచ్చి సాయంత్రం కలుస్తానన్నారు, సిమిలిగుడలో. ఆయన ఫోను చెప్పిన దారిన అరకు దగ్గరి శిమిలిగుడ రైల్వే స్టేషనుకు వెళ్లి నిలబడ్డారు. ఒకప్పుడు దేశంలో ఎత్తయిన బ్రాడ్‌గేజ్ స్టేషనుగా పేరున్నది అది, ఆంధ్రలో ఉంది. మా సిమిలిగుడ కొరాపుట్ జిల్లా ఊరు. పేరు ఒకటే కావచ్చు, మధ్యలో కొండలు చాలా ఉన్నాయి. ఆయన రాత్రి పదకొండింటికి కొరాపుట్ చేరారు, తోడుగా చల్లారిన బొంగు చికెన్ పొట్లం.

రెండో రోజు లక్ష్మీపూర్ దారిలో దెబ్బలేమీ తగల్లేదు. అందమైన రోజు. దారి మాత్రం తేలికైనది కాదు, వంద కిలోమీటర్లకు పైనే. పొగమంచు విడిచేసరికి ఎనిమిదయింది, నిన్నటి దెబ్బకు అందరూ నెమ్మదించారు. కానీ ఆ రోజుది వేరే బాధ. వ్యానులోంచి చాక్లెట్ల సంచి తీసి దారిలో ఎదురైన పిల్లల వైపు విసిరారు. చేతికి ఇవ్వలేదు, విసిరారు, ఎందుకంటే ఆగే సమయం లేదు. మరుసటి వారం నేను అటు వెళ్తే పిల్లలు నా సైకిలు వెనక కిలోమీటరు పరుగెత్తారు. ఆ ఊరి బడి మాస్టారు నాకు తెలిసినవాడే. "మీ తెలుగువాళ్లు మా పిల్లలకు రోడ్డు మీద పరుగెత్తడం నేర్పారు" అన్నాడు. లారీలు తిరిగే రోడ్డది.

ఒక మలుపులో కట్టెల మోపు దించుకుని కూర్చున్న కొంధ్ ముసలమ్మను ఫొటో తీయబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. మీవాడు నవ్వుతూ ఇంకో పక్కకు వెళ్లి తీశాడు. బాబూ, ఒడిశాలో పదమూడు గిరిజన సమూహాలను ప్రభుత్వం మరింత రక్షణ అవసరమైన వాటిగా విడిగా గుర్తించింది. బొండలు, దిదాయీలు, డొంగ్రియా కొంధ్‌లు అందులో వాళ్లే. ఆ ముసలమ్మ అందులో అవునో కాదో నాకు అనవసరం, చెయ్యి అడ్డం పెడితే ఆగాలి. ఈ కొండల వాళ్లకు కాదనడం బాగా వచ్చు. నియమగిరి మీద బాక్సైటు తవ్వుదామా అని 2013లో సుప్రీంకోర్టు చెప్పిన మీదట పన్నెండు గ్రామసభలు పెట్టి అడిగితే పన్నెండూ కాదన్నాయి. పెద్ద కంపెనీ విన్నది. నాలుగు వేల రూపాయల ఫోను వినలేదు.

ఆ రాత్రి రాయగడలో భోజనాల దగ్గర ఒకాయన నన్ను మెచ్చుకుంటూ, "ఇంత ఏజెన్సీలో ఉండి కూడా మీ తెలుగు ఎంత బాగుందండీ" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు చెప్తాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా ఈ నేల విశాఖపట్నం జిల్లాలోదే. ఆ గీత ఇవతలికి పర్లాకిమిడి వచ్చిందని మనసు కష్టపెట్టుకుని గిడుగు రామమూర్తిగారు, సవర భాషకు జీవితం ధారపోసిన ఆయన, ఆ ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. మేం వెళ్లలేదు, ఉండిపోయాం. మీలో చాలామంది చదివిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చింది మా జయపురం మహారాజు విక్రమదేవ వర్మగారు. అక్కడి సైన్సు కళాశాలకు ఆయన పేరే. నాతో భోంచేసిన ఆయన ఆ కళాశాలలోనే చదివారట. ఆ పేరు ఏ ఊరిదో తనకు తెలియదన్నారు. ఆయన తప్పు కాదు గానీ, మీ దారి కాగితంలో ఎక్కడ నీళ్లు దొరుకుతాయో, ఎక్కడ పంక్చరు వేస్తారో రాస్తారు, ఎవరి ఊరి మీదుగా వెళ్తున్నారో ఒక్క వాక్యం రాయడానికి చోటు లేదా?

ఇప్పుడు వచ్చే చలికాలం సంగతి. మళ్లీ వస్తామని ఆ కుర్రాడు మొన్న ఫోను చేశాడు. అందుకే ఈ ఉత్తరం ఇప్పుడు, కాగితం గీయకముందే.

విజయనగరం నుంచి సాలూరు దాకా మైదానంలో తొక్కి కాళ్లు అలిసిపోయాక ఘాట్ మొదలుపెట్టడం తెలివితక్కువతనం. ముందురోజు సాయంత్రం సాలూరు వచ్చి పడుకోండి. తెల్లవారి వెలుతురు రాగానే ఘాట్ ఎక్కండి. పదికల్లా సుంకిలో టీ తాగుతారు. ఆ రాత్రి కొరాపుట్ దాకా పోవద్దు, సిమిలిగుడలో ఆగండి. మధ్యాహ్నం ఖాళీ అవుతుంది, ఆ ఖాళీని చూసి భయపడకండి. శుక్రవారం వస్తే కుందులి సంత. అల్లం, చోళ్లు, చింతపండు, కొత్త చీపుర్లు, మేకలు, చేతిలో పట్టేంత కోడిపిల్లలు. పొద్దున్నే కొండల మీద నుంచి కాలిబాటల్లో బారులుగా దిగివచ్చే ఆడవాళ్లను చూస్తే, బరువు మోస్తూ ఎక్కడం దిగడం ఎలాగో మీకు నా లెక్కలు అక్కర్లేదు.

లారీలు వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. సైకిళ్లను కిరండూల్ వెళ్లే పాసింజరు రైల్లో పార్శిలుగా వేయించుకుని అరకు రండి. అక్కడి నుంచి పాడువా, నందపురం మీదుగా సిమిలిగుడ. ఎత్తు మీదే మొదలవుతారు కనుక అంత ఎక్కుడు ఉండదు. నందపురం మా జయపురం రాజుల పాత రాజధాని, ముప్ఫై రెండు మెట్ల సింహాసనం ఉన్న చోటు. ఓపిక ఉన్నవాళ్లు ఇంకో రోజు పెట్టుకుని మాచ్‌ఖండ్ వైపు దిగి డుడుమా జలపాతం చూడొచ్చు. 1955 నుంచి ఆ నీటితో పుట్టిన కరెంటును ఆంధ్ర, ఒడిశా పంచుకుంటున్నాయి. గురువారమైతే అక్కడికి దగ్గర్లోనే అంకడెల్లి సంత, బొండలు వస్తారు. ఫోను సంచిలో పెట్టుకుని వెళ్లండి.

అందరికంటే నెమ్మదిగా తొక్కేవాళ్లను ఘాట్‌లో ముందు పెట్టండి. వెనక పెడితే వాళ్లకు విశ్రాంతి ఉండదు, ఎందుకంటే ముందువాళ్లు ఆగి కాచుకుని, వీళ్లు చేరగానే మళ్లీ కదులుతారు. కుర్రాళ్లు ఏం చేస్తారు మరి అంటారా? రెండుసార్లు ఎక్కమనండి. ఇందాక చెప్పిన బ్యాంకు అమ్మాయి నాకు మొన్న ఉత్తరం రాసింది. సైకిలు అమ్మేద్దామనుకుందట, వద్దన్నాను. ఈసారి తను వస్తే ముందు తనే ఉండాలన్నది నా షరతు. ఒప్పుకుంటేనే నేను వస్తాను.

నాలుగున్నరకల్లా రోడ్డు మీద ఒక్క చక్రం కూడా ఉండకూడదు. ఇది షరతు కాదు, పోయినసారి పడ్డ నాలుగు కుట్ల లెక్క.

ఉప్మా అక్కతో మాట్లాడాను. చాలాసేపు గిన్నెలు తోముతూనే విన్నది. తరువాత, "ఈసారి ముందుగా చెయ్యనండీ, వాళ్లు సుంకిలో టీ తాగుతున్నప్పుడు మీరు ఫోను చెయ్యండి, అప్పుడు పొయ్యి వెలిగిస్తాను" అంది. ఎంతమంది అని అడిగింది. తెలియదన్నాను. విస్తళ్లు మాత్రం కుట్టించి ఉంచుతానంది, ఎండబెడితే పాడు కావు కదా.

ఎంతమంది వస్తున్నారో రాయండి.

మీ
జయపురం మాస్టారు